గుర్రానికి దాణా పెట్టేది ఎవరు?



2024 అక్టోబరు 5న సింగపూరులో ఆఖరి గుర్రప్పందెం జరిగింది. అక్కడి క్లబ్బు 1842లో పుట్టింది. నూట ఎనభై ఏళ్లకు పైగా నడిచిన ఆటను ఆపివేసి, క్రాంజి అనే చోట ఉన్న 120 హెక్టార్ల మైదానాన్ని ప్రభుత్వానికి అప్పగించాలని నిర్ణయించారు. ఇళ్లకు స్థలం కావాలన్నది ప్రభుత్వం చెప్పిన మాట. అదే సంవత్సరం ఏప్రిల్ 1తో మకావులోనూ రేసులు ఆగిపోయాయి. కానీ మకావు నుంచి పడవలో గంట ప్రయాణం చేస్తే వచ్చే హాంకాంగ్‌లో రేసులు నిక్షేపంగా సాగుతున్నాయి. ఆకాశాన్నంటే మేడల నడుమ హ్యాపీ వ్యాలీ మైదానంలో దీపాల వెలుగులో గుర్రాలు పరుగెడుతుంటే జనం కిటకిటలాడుతుంటారు.

విచారణ గురువుకు గుర్రాలతో ఏం పని అని మీరనుకోవచ్చు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మలక్‌పేట రేసుకోర్సు నూరు కిలోమీటర్ల పైమాటే. మనలో చాలామంది గుర్రాన్ని దగ్గరగా చూసింది పెండ్లి ఊరేగింపులోనే. అయినా ఈ సంగతి మన ఇంటి గడప దాకా వచ్చేదే. కొంచెం ఓపిక పట్టి చదవండి.

ఒక దేశంలో గుర్రప్పందెం ఎందుకు వర్ధిల్లుతుంది, ఇంకో దేశంలో ఎందుకు కునారిల్లుతుంది అని అడిగితే, చాలామంది నేల వైపు, గడ్డి వైపు చూపిస్తారు. ఇంగ్లండు, ఐర్లండు పచ్చిక దేశాలు, గుర్రాలు అక్కడి బతుకులో భాగం అంటారు. నిజమే. 1752లో ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో ఇద్దరు పెద్దమనుషులు బట్టెవంట్ అనే ఊరి గుడి గోపురం నుంచి డోనరైల్ గుడి గోపురం దాకా, కంచెలు, వాగులు దూకుకుంటూ గుర్రాల మీద పందెం వేసుకున్నారు. ఆ గోపురం పేరు మీదనే అడ్డంకులు దూకే పందేనికి ఇంగ్లీషులో స్టీపుల్‌చేజ్ అనే పేరు స్థిరపడింది. దేవుని గుడి గోపురానికి ఇలాంటి పని కూడా పడుతుందని కట్టినవాళ్లు అనుకొని ఉండరు! కానీ గడ్డి ఒక్కటే కారణమైతే హాంకాంగ్ సంగతేమిటి? అక్కడ మేత భూమి లేదు, గుర్రాలను పెంచే కొట్టాలు లేవు. పందెపు గుర్రాలన్నీ బయటి దేశాల నుంచి కొని తెచ్చుకున్నవే.

కాబట్టి నేను వేరే ప్రశ్న అడుగుతాను. పందెపు గుర్రం ఎద్దులాగా దుక్కి దున్నదు, గేదెలాగా పాలివ్వదు. దానికి ఉలవలు కావాలి, లాయం కావాలి, సైసు కావాలి, జాకీ కావాలి, వైద్యుడు కావాలి. ఇంత ఖర్చు భరించి దానికి దాణా పెట్టేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి ప్రశ్నకు కూడా చాలావరకు జవాబు దొరికినట్టే.

ఒకప్పుడు రాజు పెట్టేవాడు. మన హైదరాబాదే చూడండి. మొదట మౌలాలీలో జరిగే రేసులను ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మలక్‌పేటకు తెచ్చాడు. ఆయనకు గుర్రాలంటే ప్రాణం. 1911లో ఆయన చనిపోయిన తరువాత పందేలు మలక్‌పేటను విడిచి సికింద్రాబాద్ వైపు వెళ్లాయి. పోషించేవాడు పోతే ఆట కూడా ఇల్లు మారవలసి వచ్చిందన్నమాట. హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఏర్పడి, 1968లో గాని మలక్‌పేటకు తిరిగి రాలేదు. తిరిగి వచ్చేసరికి నిజాం లేడు. దాణా ఖర్చు పందెం కాసే జనం మీద పడింది. రాజు పెట్టే పద్ధతి గల్ఫులో ఇప్పటికీ ఉంది. 1996లో మొదలైన దుబాయి వరల్డ్ కప్, 2020లో మొదలైన సౌదీ కప్ కోట్ల డాలర్ల బహుమతులతో జరుగుతాయి. కానీ ఇస్లాము జూదాన్ని నిషేధిస్తుంది గనుక ఆ మైదానాల్లో పందెం టిక్కెట్లు అమ్మరు. గుర్రప్పందెం అంటేనే జూదం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాజు జేబు నిండుగా ఉంటే జూదం లేకుండానే గుర్రం పరుగెత్తగలదు.

ఊరు పెట్టే చోటు కూడా ఒకటుంది. ఇటలీలోని సియెనా నగరంలో ఏటా జూలై 2న, ఆగస్టు 16న పాలియో అనే పందెం జరుగుతుంది. రెండూ మరియమాత గౌరవార్థం జరిగేవే. ఒక్కో పేట తన గుర్రాన్ని తన గుడిలోకి తీసుకొనిపోయి ఆశీర్వాదం ఇప్పించుకుంటుంది. గెలిచినవారికి దక్కేది రంగులు వేసిన ఒక పట్టు జెండా. జాకీ మధ్యలో పడిపోయినా గుర్రం ఒక్కటే ముందు వచ్చిందంటే గెలుపు దానిదే. పేటల మధ్య లోపాయికారీ బేరాలు, లంచాలు ఉంటాయని వాళ్లే ఒప్పుకుంటారు. అదంతా పవిత్రమైన వ్యవహారమని నేననను. కానీ ఆ గుర్రానికి మేత పెట్టేది పేటవాళ్ల అభిమానం.

మిగతా లోకమంతటా దాణా పెట్టేది పందెం కాసేవాడు. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఓడిపోయేవాడు.

ఇది ఎలా జరుగుతుందో వివరంగా చెప్పాలి. చాలా దేశాల్లో పందెం డబ్బంతా ఒకచోట కుప్ప పోస్తారు. అందులో ప్రభుత్వం తన పన్ను, క్లబ్బు తన వాటా తీసుకుంటాయి. మిగిలినది గెలిచినవారికి పంచుతారు. ఈ లెక్కను పందొమ్మిదో శతాబ్దంలో పారిసు నగరంలో కనిపెట్టారు. 1891లో ఫ్రాన్సు దేశం చట్టం చేసి, బుకీలను తొలగించి, ఈ ఒక్క పద్ధతినే ఉంచింది. జపానులో 1954 నుంచి ప్రభుత్వ సంస్థ ఒకటి రేసులను నడుపుతోంది. పందెం డబ్బులో పదో వంతు దేశ ఖజానాకు పోతుంది. హాంకాంగ్‌లో 1884లో పుట్టిన జాకీ క్లబ్బు లాభం పంచుకోని సంస్థ. మిగులును ఆసుపత్రులకు, బడులకు, దానధర్మాలకు ఇస్తుంది. ఇలాంటి చోట్ల ఆట నిలిచింది. ఎందుకంటే పందెపు డబ్బు పక్కదారి పట్టకుండా మళ్లీ గుర్రానికీ మైదానానికీ చేరుతుంది. హాంకాంగ్‌లో పందెం కాయదలచినవాడికి చట్టప్రకారం ఇంకో పెద్ద ద్వారం కూడా లేదు, క్యాసినోలు అక్కడ లేవు. సింగపూరులో 2010లో రెండు క్యాసినోలు తెరిచారు. మకావు సంగతి చెప్పనే అక్కరలేదు, ఊరంతా క్యాసినోలే. ఆ రెండు చోట్లా గుర్రం ఓడిపోయింది. కారణాలు ఇంకా ఉండవచ్చు గాని, నాకు కనిపించేది ఇది: అరగంటకు ఒక్కసారి పరుగెత్తే గుర్రం కోసం ఎదురుచూసేవాడికి నిమిషానికొకసారి తిరిగే చక్రం చూపిస్తే, అతడు ఎటు పోతాడు? గుర్రం మీద ప్రేమతో వచ్చినవాడైతే ఆగేవాడు. అతడు వచ్చింది గుర్రం కోసం కాదు.

ఆ కుప్పలోంచి తీసే వాటా చిన్నదిగా కనిపిస్తుంది. పిల్లలకు లెక్క నేర్పినట్టు ఒకసారి వేసి చూద్దాం. నూటికి 20 రూపాయలు తీసి మిగతాది పంచుతారనుకోండి. పంచిన 80 రూపాయలను జనం మళ్లీ పందెం కాస్తే 64 మిగులుతుంది. మళ్లీ కాస్తే 51. ఇలా పది పందేలు అయ్యేసరికి అందరి చేతుల్లో కలిపి మిగిలేది 11 రూపాయల లోపు. ఎవరూ మోసం చెయ్యలేదు. అంతా చట్టబద్ధం. ఒకరిద్దరు జేబు నింపుకొని నవ్వుకుంటూ పోతారు, వాళ్ల పేరే పదిమందికి తెలుస్తుంది. మిగతావాళ్లు సాయంత్రం బస్సు ఛార్జీకి తడుముకుంటారు.

మన దేశంలో రేసులు నీరసించడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది. రేసుకోర్సులు తెల్లదొరల కాలంలో నగరాల అంచున కట్టినవి, ఇప్పుడు నగరాల నడిబొడ్డున ఉన్నాయి. ఆ నేల విలువ ముందు గుర్రం విలువ ఎంత? చెన్నైలోని గిండీ రేసుకోర్సును, సుమారు 160 ఎకరాలను, తమిళనాడు ప్రభుత్వం 2024 సెప్టెంబరులో స్వాధీనం చేసుకుంది. ఇక పన్ను చూస్తే, గుర్రప్పందెం మీద 28 శాతం ఉన్న వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. పన్ను పెంచితే జూదం తగ్గుతుందని కొందరి ఆశ. పన్ను కట్టని బుకీ మాత్రం ఆ వార్త చదివి సంతోషించి ఉంటాడు.

ప్రభుత్వాలను నేను ఊరికే ఆడిపోసుకోవడం లేదు. వాటి ఇరకాటం మనం చూసిందే. దూబగుంట స్త్రీలు లేచిన తరువాత 1993లో సారా పోయింది, 1995లో మద్యం మొత్తం పోయింది, 1997లో మద్యం తిరిగి వచ్చింది. ఖజానా ఒక అలవాటు మీద ఆధారపడితే, ఆ అలవాటు చావాలని ఖజానా మనస్ఫూర్తిగా కోరుకోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. గుర్రప్పందెం కాయడం పాపమా?

మన చట్టం ఈ విషయాన్ని ఒక కోణంలోనే చూస్తుంది: నేర్పు ఎక్కువా, అదృష్టం ఎక్కువా? 1967లో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీలో నేర్పు ప్రధానమని చెప్పింది. 1996లో మద్రాసు కేసులో గుర్రప్పందెం కూడా నేర్పుతో కూడినదేనని తీర్పు ఇచ్చింది. గుర్రం వంశం, మోసే బరువు, జాకీ చేతివాటం, నేల తడి, ఇవన్నీ చదివి అంచనా వేయడం నేర్పే, కాదనను. చట్టానికి ఆ ప్రశ్న అవసరం కావచ్చు. కానీ ఇంట్లో బియ్యపు డబ్బా ఖాళీగా ఉన్నప్పుడు, ఆ డబ్బు నేర్పుగా పోయిందా, దురదృష్టం వల్ల పోయిందా అని ఏ ఇల్లాలు అడుగుతుంది?

ఈ విషయంలో మన నలుడి కథ కన్నా మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు. అశ్వవిద్యలో నలుడిని మించినవాడు లేడు. అంతటి నేర్పరి పుష్కరుడితో జూదానికి కూర్చుని రాజ్యం పోగొట్టుకున్నాడు. దమయంతి తెలివైనది. ఆట సాగుతుండగానే సంగతి గ్రహించి, సారథిని పిలిచి, ఇద్దరు పిల్లలనూ పుట్టింటికి విదర్భకు పంపేసింది. (ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మన విచారణలో కూడా అలా అమ్మమ్మ ఇంటికి చేరిన పిల్లలున్నారు.) తరువాత నలుడు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడి రథం తోలాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కగట్టి చెప్పాడు. ఇద్దరూ విద్యలు మార్చుకున్నారు. గుర్రం గుట్టు ఋతుపర్ణుడికి, పాచికల గుట్టు నలుడికి. అప్పుడు గాని కలి నలుడిని విడిచిపోలేదు.

నలుడు ఆ కొత్త నేర్పుతో మళ్లీ జూదమాడి రాజ్యం గెలుచుకున్నాడు. అక్కడ నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అయితే ఆ తరువాత జరిగింది చూడండి. ఓడిన పుష్కరుడిని అడవికి తరమలేదు. అతని వాటా అతనికిచ్చి, క్షమించి ఇంటికి పంపాడు. ఓడినవాడికి తిరిగి ఇచ్చే జూదం ఈ కథలో తప్ప ఏ రేసుకోర్సులో, ఏ ఫోనులో ఉంది?

మన శ్రీసభ బోధ కూడా నేర్పు, అదృష్టం అనే చోట ఆగదు. పునీత అక్వీనాసు తోమాసు గారు ఆటను తక్కువ చేయలేదు. శరీరానికి నిద్రలాగా మనసుకు ఆట విశ్రాంతి అనీ, తానూ నవ్వక ఇతరులనూ నవ్వనివ్వని మనిషిలో కూడా లోపముందనీ ఆయన భావం. పందెం దానంతట అదే అన్యాయం కాదని, మనిషికీ అతని మీద ఆధారపడినవారికీ కావలసినదాన్ని లాక్కున్నప్పుడు అది తప్పవుతుందని మన సత్యోపదేశ గ్రంథం చెబుతుంది. అది బానిసత్వంగా మారే ప్రమాదాన్ని కూడా హెచ్చరిస్తుంది.

గురువిద్యాలయంలో చదువుకున్న రోజుల్లో తోమాసు గారి ఇంకో మాట నన్ను ఆకట్టుకుంది. జూదంలో గెలిచిన డబ్బును దానం చెయ్యవచ్చునా అని ఆయన విచారిస్తాడు. మూడు సందర్భాల్లో ఆ డబ్బు గెలిచినవాడిది కాదు, తిరిగి ఇవ్వవలసిందే అంటాడు: మోసంతో గెలిస్తే, తన ఆస్తి మీద తనకు అధికారం లేని పసివాడి దగ్గర, మతి తప్పినవాడి దగ్గర గెలిస్తే, లాభాపేక్షతో ఇంకొకరిని ఆటలోకి లాగి గెలిస్తే. ఏడు వందల ఏళ్ల కిందటి సన్యాసి మాట ఇది. ఇవాళ దీన్ని చదివితే ఎవరు గుర్తుకొస్తారు? మొదటి రోజు ఉచితంగా వంద రూపాయలు మీ ఖాతాలో వేసి, సినిమావాళ్ల చేత రమ్మని పిలిపించే సెల్‌ఫోను ఆట గుర్తుకు రావడం లేదా? అర్ధరాత్రి దుప్పటి కింద ఆడుతూ ఆపుకోలేనివాడు తన డబ్బు మీద తనకు అధికారం ఉన్నవాడేనా? జూదగాడి తప్పు గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం, నేనూ చేశాను. పిలిచినవాడి తప్పు గురించి తక్కువ విన్నాం.

మన దగ్గర జూదం రైలెక్కి మలక్‌పేటకు పోవలసిన రోజులు పోయాయి. టిక్కెట్టు కొనాలి, గేటు దాటాలి, నలుగురి కళ్లల్లో పడాలి. ఆ కొంచెం కష్టం కూడా ఒక కంచెలా పనిచేసేది. ఇప్పుడు పత్తి అమ్మిన పైసలు బ్యాంకులో పడ్డ పూటే ఫోనులోంచి జారిపోతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీతో సహా ఇలాంటి ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. చట్టం మంచిదే, కానీ దాని చెయ్యి దుప్పటి కింద దాకా చాచలేదు.

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటుంటారు: ఫాదర్, మన గుడి పండుగకు లక్కీ డ్రా కూపన్లు అమ్ముతాం గదా, అదేమిటి? అడగవలసిన మాటే. పది రూపాయల కూపను, ప్రెషర్ కుక్కరు బహుమతి. ఓడినా ఎవరింట్లో పొయ్యి ఆరదు, పోయిన పది తిరిగి రాబట్టాలని రాత్రికి రాత్రి ఇంకో వంద కూపన్లు ఎవరూ కొనరు. ఆ రెండూ నిజమైనంత కాలం నాకు అభ్యంతరం లేదు. కానీ బహుమతి మోటారు సైకిలై, కూపను వెయ్యి రూపాయలై, కొననివారి పేరు మైకులో చదివే రోజు వస్తే ఆ పుస్తకం నా చేతికి ఇవ్వకండి.

గుర్రం పట్ల ప్రేమతోనే డబ్బు పెట్టిన జనం లేరా అంటే ఉన్నారు. జపానులో కోచి అనే ఊరి చిన్న రేసుకోర్సు మూతపడే స్థితిలో ఉండేది. అక్కడ హారు ఉరారా అనే ఆడగుర్రం పరుగెత్తిన 113 పందేల్లో ఒక్కటీ గెలవలేదు. 2003 ప్రాంతంలో దాని సంగతి పత్రికల్లోకి ఎక్కింది. అది ఓడిపోతుందని తెలిసే జనం దాని మీద చిన్న చిన్న టిక్కెట్లు కొన్నారు. ఆ టిక్కెట్టును డబ్బుకు మార్చుకునే పనే లేదు గనుక, ప్రమాదాలు తగలకుండా కాపాడే తాయెత్తులాగా దాచుకున్నారు. మైదానం నిలబడింది. 2025 సెప్టెంబరులో ఆ గుర్రం ముసలిదై చనిపోయింది. గెలుపు ఆశ లేకుండా టిక్కెట్టు కొన్నవాడిని జూదగాడు అనాలా, దాత అనాలా? మా తత్వశాస్త్ర తరగతిలో ఇలాంటి ప్రశ్న వేసి ఉంటే గంటకొట్టినా వాదన ఆగేది కాదు.

చివరగా ఒక సంగతి. మన ప్రాంతం నుంచి హైదరాబాదుకు పోయి కూలి పనిలో స్థిరపడిన ఒకాయన కొంతకాలం కిందట నా దగ్గరకు వచ్చాడు. మలక్‌పేటలో గెలిచానంటూ గుడి గంట కోసం ఐదు వేల రూపాయలు కవరులో పెట్టి ఇచ్చాడు. సంతోషంగా ఉన్నాడు. "నాయనా, ఈ సీజనులో పోయింది ఎంత?" అని అడిగాను. ఆయన పైకప్పు వైపు చూసి, "లెక్క పెట్టలేదు ఫాదర్" అన్నాడు. "మీ ఇంటామెకు తెలుసా?" అంటే మాట్లాడలేదు. ఇద్దరూ కూర్చుని, పోయినదీ వచ్చినదీ ఒక కాగితం మీద రాసుకొని, ఆ తరువాత కూడా ఇవ్వాలనిపిస్తే కలిసి తెమ్మని చెప్పి కవరు తిరిగి ఇచ్చాను. మొహం చిన్నబుచ్చుకొని వెళ్లాడు. పోయిన ఆదివారం దివ్యబలిపూజకు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. గంట ఇంకా కొనలేదు.